ఫుల్-సైజ్ పికప్ కొనేముందు: కొత్తదైనా, పాతదైనా ఎక్కడెక్కడ చూడాలి

అమెరికాలో ఇప్పుడు ఫుల్-సైజ్ పికప్ కొనాలంటే చూడాల్సిన పేర్లు ఐదు: ఫోర్డ్ ఎఫ్-150, షెవ్రొలే సిల్వరాడో 1500, దాని తోబుట్టువు జీఎంసీ సియెరా 1500, రామ్ 1500, టయోటా టండ్రా. నిస్సాన్ టైటన్ 2024 మోడల్‌తో ఆగిపోయింది, పాత బళ్ళ లాట్లలో మాత్రం ఇంకా దొరుకుతుంది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో మన వాళ్ళు నలుగురు కలిస్తే "ఎఫ్-150 మంచిదా, టండ్రా మంచిదా" అన్న చర్చ తప్పదు. ఆ ప్రశ్నకు నిజంగా జవాబు లేదు. ఒకే పేరు కింద రెండు మూడు రకాల క్యాబ్‌లు (మనుషులు కూర్చునే భాగం), రెండు మూడు బెడ్ (వెనక సామాను తొట్టి) పొడవులు, నాలుగైదు ఇంజిన్లు, వేర్వేరు యాక్సిల్ రేషియోలు (చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) వస్తాయి. పక్కపక్కన నిలబెట్టిన రెండు ఎఫ్-150లలో ఒకటి మీ ట్రైలర్‌ను హాయిగా లాగొచ్చు, రెండోది చేతులెత్తేయొచ్చు. కాబట్టి చూడాల్సింది మోడల్ పేరును కాదు, మీ ముందున్న ఆ ఒక్క బండిని.

1. ముందు పని, తర్వాత గరాజు

బండితో ఏం చేస్తారో కాగితం మీద రాసుకోండి. నెలకోసారి హోమ్ డిపో నుంచి ప్లైవుడ్, మట్టి బస్తాలు తేవడమా, బోటు లాగడమా, 28 అడుగుల ట్రావెల్ ట్రైలరా, ఊరి బయట కొన్న పొలానికి వారం వారం వెళ్ళిరావడమా? మొదటి పనికి ఏ పికప్ అయినా చాలు. మూడో పనికి సరైన హాఫ్-టన్ బండి (పైన చెప్పిన ఐదూ ఈ తరగతివే) దొరకడమే కష్టం.

పిల్లలున్న ఇంటికి క్రూ క్యాబ్ తప్ప వేరేది పనికిరాదు. ఈ పేర్లలో గందరగోళం ఉంది. ఫోర్డ్ సూపర్‌క్యాబ్, షెవ్రొలే డబుల్ క్యాబ్, రామ్ క్వాడ్ క్యాబ్ అంటే వెనక సీటు ఇరుకుగా ఉండేవి. సూపర్‌క్రూ, క్రూ క్యాబ్, క్రూమ్యాక్స్ అంటే పెద్దవి. రియర్-ఫేసింగ్ కార్ సీట్ ఉంటే టెస్ట్ డ్రైవ్‌కి దాన్ని వెంట తీసుకెళ్ళి బిగించి చూడండి.

క్రూ క్యాబ్, షార్ట్ బెడ్ బండి ఏ కంపెనీదైనా సుమారు 232 అంగుళాలు, అంటే 19 అడుగుల 4 అంగుళాలు ఉంటుంది. సబర్బ్ గరాజులు చాలావరకు 20 అడుగుల లోతే. వాటర్ హీటర్, ఫ్రిజ్, షూ రాక్ ముందుగోడకు ఉంటే తలుపు మూసుకోదు. వెనక ట్రైలర్ తగిలించే హిచ్‌లో బాల్ మౌంట్ (గుండు ఉన్న కడ్డీ) వదిలేస్తే ఇంకో ఎనిమిది అంగుళాలు పోతాయి. టేపు పెట్టి కొలిచాకే లాట్‌కు వెళ్ళండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) రూల్స్ కూడా చదవండి. కొన్ని కాలనీల్లో పికప్‌ను డ్రైవ్‌వేలో రాత్రంతా ఉంచనివ్వరు, కొన్నిచోట్ల కంపెనీ పేరు లాంటి లెటరింగ్ ఉన్న బండికి మాత్రమే అభ్యంతరం.

2. డ్రైవర్ తలుపు తెరిచి స్టిక్కర్ చదవండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే అది ఇదే. డ్రైవర్ తలుపు తీస్తే పిల్లర్ మీద పసుపు-తెలుపు రంగులో టైర్ల వివరాల స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. అదే ఆ బండి పేలోడ్. బ్రోషర్‌లోది కాదు, వెబ్‌సైట్‌లోది కాదు, సేల్స్‌మన్ చెప్పింది అంతకన్నా కాదు. పనోరమిక్ సన్‌రూఫ్, పవర్ రన్నింగ్ బోర్డులు, 22 అంగుళాల చక్రాలు, మసాజ్ సీట్లు అన్నీ ఈ అంకెలోంచి కోత పడేవే. అందుకే 80,000 డాలర్ల టాప్ ట్రిమ్‌కి (అన్ని హంగులూ ఉన్న రకం) 1,300 పౌండ్లు, దాని పక్కన ఉన్న వర్క్ ట్రక్‌కి 2,000 ఉండటం మామూలు.

ఇప్పుడు లెక్క చూడండి. స్టిక్కర్ మీద 1,550 ఉందనుకుందాం. అమ్మానాన్నా ఇద్దరు పిల్లలూ కలిపి 470 పౌండ్లు. కూలర్, బియ్యం బస్తా, బ్యాగులు, కుర్చీలు 150. ట్రైలర్ భారాన్ని ముందు చక్రాలకూ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ దానంతట అదే 100 దాకా తూగుతుంది. మిగిలింది 830. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ (ట్రైలర్ ముందు కొన) మీద, అంటే మీ హిచ్ మీద పడుతుంది. ట్రావెల్ ట్రైలర్‌కి 13 శాతం వేసుకోవడం క్షేమం. 830ని 0.13తో భాగిస్తే 6,400 పౌండ్లు. బ్రోషర్ 11,000 అంటున్న బండి నిజానికి మీ కుటుంబంతో లాగగలిగేది అంత. ఆ 6,400 కూడా నింపిన ట్రైలర్ బరువు. నీళ్ళు, గ్యాస్, వంటసామాను, బట్టలు ఎక్కాక డ్రై వెయిట్ (ఖాళీ ట్రైలర్ బరువు) మీద 1,000 నుంచి 1,500 పౌండ్లు సులువుగా పెరుగుతాయి. కాబట్టి ట్రైలర్ మీద రాసిన గరిష్ఠ బరువునే లెక్కలోకి తీసుకోండి.

కంపెనీలు అబద్ధం చెప్పాయని కాదు. టో రేటింగ్ (లాగగల గరిష్ఠ బరువు) కొలిచే ఎస్‌ఏఈ జె2807 అనే ప్రామాణిక పద్ధతిలో బండిలో ఇద్దరే ఉంటారు, మనిషికి 150 పౌండ్లు, టంగ్ బరువు 10 శాతం. మన ప్రయాణాలు అలా ఉండవు.

పాత బండి అయితే ఇంకో కోత ఉంది. ఫ్యాక్టరీ దాటాక బిగించినవేవీ ఆ స్టిక్కర్‌లో లేవు. బెడ్ మీది ఫైబర్‌గ్లాస్ క్యాప్, స్టీల్ బంపర్, టూల్‌బాక్స్, 35 అంగుళాల టైర్లు, వీటన్నిటి బరువూ మీరే తీసేయాలి. లిఫ్ట్ కిట్ వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది గానీ పేలోడ్ ఒక్క పౌండు కూడా పెరగదు.

తర్వాత హిచ్ రిసీవర్ (బాల్ మౌంట్ దూర్చే చదరపు గొట్టం) కింద వంగి దాని స్టిక్కర్ చూడండి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ లేకుండా ఎంత, ఉంటే ఎంత అని రెండు అంకెలు ఉంటాయి. బంపర్ దగ్గర ట్రైలర్ లైట్లకూ బ్రేకులకూ వైరు తగిలించే 7-పిన్ సాకెట్, డ్యాష్‌బోర్డులో ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఉన్నాయా? ఉత్త 4-పిన్ ప్లగ్, బాల్ ఉన్నంత మాత్రాన టో ప్యాకేజీ ఉన్నట్టు కాదు. ట్రాన్స్‌మిషన్ కూలర్, పెద్ద రేడియేటర్ లాంటివి ఆ ప్యాకేజీతోనే వస్తాయి, తర్వాత బిగించుకోవడం ఖర్చుతో కూడిన పని.

చివరగా యాక్సిల్ రేషియో. 3.21, 3.23 మైలేజీ కోసం. 3.55 మధ్యస్థం. 3.73, రామ్‌లో 3.92 లాగడం కోసం. కొత్త బండికి విండో స్టిక్కర్ మీదే ఉంటుంది. పాత జీఎం బళ్ళకు గ్లోవ్‌బాక్స్‌లోని కోడ్ల కాగితం చూడాలి: జీయూ5 అంటే 3.23, జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73.

లెక్క 8,000 పౌండ్లు దాటుతుంటే హాఫ్-టన్‌తో సర్దుకోవద్దు. ఎఫ్-250, 2500 తరగతి బండి చూడండి. రోజూ ఆఫీసుకు నడపడానికి అది మోటుగా ఉంటుంది, అది వేరే సంగతి.

3. కొత్త బండి: విండో స్టిక్కర్, ఆపైన అతికించిన స్టిక్కర్

ఫ్యాక్టరీ విండో స్టిక్కర్ 1958 నాటి చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు, లైట్ ట్రక్కు మీదా ఉండాలి. దాని పక్కన డీలర్ సొంతంగా అతికించే రెండో కాగితం అసలు గొడవ. నైట్రోజన్ గాలి, విన్ ఎచింగ్ (అద్దాల మీద విన్, అంటే బండి గుర్తింపు నంబరు చెక్కడం), పెయింట్ ప్రొటెక్షన్, మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ (డీలర్ తనకు తోచినంత పెంచే ధర) అన్నీ అక్కడే ఉంటాయి. వీటిలో దేనికీ డబ్బు కట్టాల్సిన పని లేదు. డెస్టినేషన్ ఛార్జి (ఫ్యాక్టరీ నుంచి రవాణా ఖర్చు) మాత్రం తప్పదు.

నెలకు ఎంత కట్టగలరన్న ప్రశ్నకు జవాబు ఇవ్వకండి. పన్నులు, డాక్ ఫీజు (డీలర్ కాగితాల ఖర్చు), టైటిల్ (యాజమాన్య పత్రం) అన్నీ కలిపి అవుట్-ది-డోర్ ధర ఈమెయిల్‌లో అడగండి, కనీసం ముగ్గురు డీలర్ల దగ్గర. టెక్సస్‌లో వాహనం మీద పన్ను 6.25 శాతం, పాత బండి ట్రేడ్-ఇన్ ఇస్తే ఆ విలువ పోగా మిగిలినదాని మీదే. 84 నెలల లోను తీసుకుంటే మొదటి మూడు నాలుగేళ్ళు బండి విలువ కన్నా బాకీ ఎక్కువ ఉండే అవకాశం చాలా ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవారికి కొన్ని బ్యాంకులు వీసా గడువును బట్టి లోను కాలం కుదిస్తాయి. క్రెడిట్ యూనియన్ నుంచి ముందే ప్రీ-అప్రూవల్ తెచ్చుకుంటే ఫైనాన్స్ ఆఫీసులో బేరమాడే బలం మీదవుతుంది.

డీలర్ దగ్గర సంతకం చేసిన కారును మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చన్న మాట మన వాళ్ళలో బాగా తిరుగుతోంది. అలాంటి ఫెడరల్ హక్కు లేదు.

4. పాత బండి: బయల్దేరేముందు ఫోన్‌లోనే సగం పని

17 అక్షరాల విన్ అడగండి. ఇవ్వడానికి నసిగేవాడి దగ్గరికి వెళ్ళకండి. పదో అక్షరం మోడల్ సంవత్సరం: జె 2018, కె 2019, ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022, పి 2023, ఆర్ 2024. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో విన్ కొడితే ఇంకా బాగుచేయించని రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి సరిచేసేవి) ఉచితంగా కనిపిస్తాయి. ఎన్‌ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాలు పట్టే సంస్థ) విన్‌చెక్‌లో దొంగబండి, సాల్వేజ్ (బాగా పాడైందని ఇన్సూరెన్స్ కంపెనీ రాసేసిన బండి) వివరాలు ఉచితమే. బండి చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు కొనండి గానీ, అందులో ప్రమాదం లేదంటే ప్రమాదమే జరగలేదని కాదు, ఎవరూ నమోదు చేయలేదని మాత్రమే.

రిపోర్టులో బండి ఏ రాష్ట్రాల్లో తిరిగిందో చూడండి. మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ అయితే చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఫ్రేమ్‌ను తినేసి ఉండొచ్చు. 2017 హార్వీ తర్వాత హ్యూస్టన్‌లో, 2024 హెలీన్ తర్వాత ఆగ్నేయ రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ మారిన బండి అయితే వరద నీళ్ళ అనుమానం పెట్టుకోండి.

5. ఏ ఇంజిన్‌కి ఏ జబ్బు

ఫోర్డ్. 2004-2010 ఎఫ్-150లోని 5.4 లీటర్ల ట్రైటన్ చవగ్గా దొరుకుతుంది, ఎందుకంటే క్యామ్ ఫేజర్లు (వాల్వులు తెరుచుకునే సమయం మార్చే భాగాలు) పోతాయి, 2008 దాకా వచ్చినవాటిలో స్పార్క్ ప్లగ్గులు తీస్తుంటే విరిగిపోతాయి. 2011 నుంచి వచ్చిన మొదటి 3.5 ఎకోబూస్ట్ టర్బో ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్ సాగడం, 2017-2020 వాటిలో క్యామ్ ఫేజర్లు పోవడం జబ్బులు. 10-స్పీడ్ ట్రాన్స్‌మిషన్ మొదటి సంవత్సరాల్లో గేర్లు కొట్టినట్టు మారేది. 2018-2020 నాటి 5.0 వీ8 కొన్ని ఆయిల్ తాగుతాయి. 2021-22లో చేసిన 2.7, 3.0 ఎకోబూస్ట్‌లలో కొన్నిటి ఇన్‌టేక్ వాల్వులు విరుగుతున్నాయని 2024లో రీకాల్ వచ్చింది.

జీఎం. 5.3, 6.2 వీ8లలో మైలేజీ కోసం కొన్ని సిలిండర్లను ఆపేసే ఏర్పాటు ఉంటుంది. 2007 నుంచి ఏఎఫ్ఎం, 2019 నుంచి డీఎఫ్ఎం అన్న పేర్లు. దానికోసం పెట్టిన ప్రత్యేక లిఫ్టర్లు (వాల్వులను ఎత్తే ముక్కలు) బిగుసుకుపోతే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోతుంది, ఖర్చు వేల డాలర్లు. 2015-2019 మధ్య 8-స్పీడ్ ట్రాన్స్‌మిషన్లలో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ను ట్రాన్స్‌మిషన్‌తో కలిపే భాగం) వణుకు ప్రసిద్ధం. చాలా బళ్ళకు కొత్త ఫ్లూయిడ్‌తో ఫ్లష్ చేస్తే పోయింది, అన్నిటికీ కాదు. 2021-2024 నాటి 6.2 లీటర్ల ఎల్87 ఇంజిన్లకు 2025 ఏప్రిల్‌లో పెద్ద రీకాల్ వచ్చింది, అమెరికాలోనే సుమారు 6 లక్షల బళ్ళు. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాల వల్ల ఇంజిన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చు. తనిఖీలో నెగ్గినవాటికి 0డబ్ల్యూ-20 బదులు 0డబ్ల్యూ-40 ఆయిల్ పోస్తున్నారు. అలాంటి బండి కొంటే రీకాల్ పని అయినట్టు డీలర్ కాగితం లేకుండా డబ్బు ఇవ్వకండి.

రామ్. 5.7 హెమీ వీ8లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టం) బోల్టులు తెగుతాయి, అది చిన్న ఖర్చు. లిఫ్టర్ రోలర్ పోతే క్యామ్ కూడా పోతుంది, అది పెద్దది. రెండూ టిక్ టిక్‌మనే శబ్దమే చేస్తాయి, తేడా తర్వాతి మెట్టులో. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే రాత్రంతా నిలిపిన బండి ఉదయం ఒక మూల కుంగి ఉందేమో చూడండి.

టండ్రా. 2007-2021 మధ్య వచ్చిన 5.7 వీ8 మొండి ఇంజిన్. పెట్రోలు తాగుతుంది, ఎయిర్ ఇంజెక్షన్ పంపు ఒక బలహీనత, ఉప్పు రాష్ట్రాల్లో తిరిగితే ఫ్రేమ్ తుప్పు మరొకటి. 2022లో వచ్చిన 3.4 ట్విన్ టర్బోలో తయారీ సమయంలో మిగిలిపోయిన లోహపు పొడి వల్ల బేరింగులు పోతున్నాయని, 2022-23 బళ్ళు సుమారు లక్షకు 2024లో రీకాల్ ప్రకటించారు. టయోటా కదా అని కళ్ళు మూసుకుని కొనే రోజులు ఈ ఒక్క మోడల్‌కి పోయాయి.

6. చల్లటి ఇంజిన్

"నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్ళగానే హుడ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడనుకోండి, లేదా ఇంకో రోజు ఉదయం వస్తానని చెప్పండి.

రేడియో, ఏసీ ఆపి, హుడ్ ఎత్తి, ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే ఫోర్డ్‌లో క్యామ్ ఫేజర్. టిక్ టిక్ వినిపించి పది నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోతే మానిఫోల్డ్ లీకు, ఎందుకంటే లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది. వేడెక్కినా తగ్గకపోతే, దానికి తోడు మిస్‌ఫైర్ కోడ్ ఉంటే లిఫ్టర్. ఆ బండి దగ్గర బేరం కూడా వద్దు. నీలం పొగ ఆయిల్, తియ్యటి వాసనతో తెల్లటి పొగ కూలెంట్.

25 డాలర్ల ఓబీడీ-2 స్కానర్ (ఇంజిన్ లోపాల కోడ్లు చదివేది) స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టండి. కోడ్లు లేకపోవడం ఒక్కటే చాలదు. రెడీనెస్ మానిటర్లు (బండి తనకు తానే చేసుకునే పరీక్షలు) చూడండి. వాటిలో చాలావరకు పూర్తికాలేదని వస్తే నిన్నో మొన్నో ఎవరో కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు.

చాలా బళ్ళలో స్క్రీన్ మెనూలో ఇంజిన్ గంటలు కనిపిస్తాయి. మైళ్ళను గంటలతో భాగించండి. 90,000 మైళ్ళు, 2,250 గంటలు అంటే సగటు 40, ఎక్కువగా హైవే. అవే మైళ్ళకు 4,500 గంటలంటే సగటు 20, ఆయిల్ ఫీల్డులోనో కన్‌స్ట్రక్షన్ సైట్‌లోనో ఏసీ వేసి గంటల తరబడి ఐడిల్‌లో ఉన్న బండి. ఓడోమీటర్ చెప్పని అరుగుదల అది.

7. నేల మీద పడుకుని చూసేది

పాత దుప్పటి, టార్చి, చిన్న సుత్తి తీసుకెళ్ళండి. ఫ్రేమ్ పైపైన గోధుమరంగు పట్టడం మామూలే. పొరలు పొరలుగా ఊడుతుంటే, సుత్తితో మెల్లగా తడితే ఖంగుమనకుండా డొల్ల శబ్దం వస్తుంటే లేచి వచ్చేయండి. వెనక లీఫ్ స్ప్రింగ్ షాకిళ్ళు (పట్టీ స్ప్రింగులను ఫ్రేమ్‌కి కలిపే కొక్కేలు), స్పేర్ టైరుకు పైన ఉండే క్రాస్‌మెంబర్, బ్రేక్ గొట్టాలు ముందుగా పోయే చోట్లు. కొత్తగా కొట్టిన నల్లటి అండర్‌కోటింగ్ నిగనిగలాడుతుంటే సంతోషించకండి, దానికింద ఏముందో అడగండి.

2015 నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం, ఫ్రేమ్ మాత్రం స్టీలే. పుట్టీ పట్టించిన చోటు కనిపెట్టడానికి అయస్కాంతం ఆ బాడీ మీద పనిచేయదు, అల్యూమినియం కొలిచే పెయింట్ గేజ్ కావాలి. హుడ్ అంచుల్లో పెయింటు బుడగలు లేచాయేమో వేలితో తడమండి.

హిచ్ పిన్ రంధ్రం గుండ్రంగా కాకుండా సాగినట్టుంటే, బెడ్ మధ్యలో గూస్‌నెక్ (భారీ ట్రైలర్ తగిలించే ఏర్పాటు) కోసం కోసిన రంధ్రం ఉంటే, "ఎప్పుడూ ఏదీ లాగలేదు" అన్న మాట అబద్ధం. బెడ్ లైనర్ ఎత్తి చూడండి. వరద కోసం సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి మడతల్లో ఒండ్రు మరక ఎవరూ కడగరు. సీటు పట్టాల బోల్టుల తుప్పు కూడా అదే చెబుతుంది.

టైరు పక్కన డీఓటీ కోడ్ చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం: 3219 అంటే 2019లో 32వ వారం. ఆరేళ్ళు దాటితే ట్రెడ్ ఉన్నా మార్చాలనే లెక్కేసుకోండి. నాలుగూ మారిస్తే వెయ్యి డాలర్లు పైమాటే, 22 అంగుళాలవైతే ఇంకా ఎక్కువ.

8. అరగంట నడపండి

వీధుల్లో ఐదు నిమిషాల చుట్టు చాలదు. గంటకు 40-50 మైళ్ళ దగ్గర యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కి ఉంచండి. రంబుల్ స్ట్రిప్ మీద వెళ్తున్నట్టు వణికితే టార్క్ కన్వర్టర్. సిగ్నల్ దగ్గరకు నెమ్మదిస్తున్నప్పుడు వెనకనుంచి ఎవరో గుద్దినట్టు అనిపిస్తే ట్రాన్స్‌మిషన్ సంగతి మెకానిక్‌తో చూపించాలి. 60 నుంచి గట్టిగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ ఊగితే బ్రేక్ రోటర్లు (డిస్కులు) పాడైనట్టు.

ఫోర్-వీల్ డ్రైవ్‌ను కంకర మీదో గడ్డి మీదో పరీక్షించండి. పార్ట్-టైమ్ 4హైని (నాలుగు చక్రాలూ కలిసి తిరిగే మామూలు వేగపు గేరు) పొడి తారు రోడ్డు మీద వేసి తిప్పితే డ్రైవ్‌లైన్ బిగుసుకుంటుంది. '4-లో'కు, అంటే తక్కువ వేగపు గేరుకు వెళ్ళడానికి న్యూట్రల్‌లో పెట్టి, కంపెనీ పుస్తకం చెప్పినట్టు చేయాలి. ఎఫ్-150లో 2డబ్ల్యూడీలో ఉండగా తేలిగ్గా యాక్సిలరేట్ చేస్తే ముందు చక్రాల దగ్గర గరగరమంటే వ్యాక్యూమ్ హబ్‌లను (ముందు చక్రాలను డ్రైవ్‌కి కలిపి విడదీసేవి) అనుమానించండి. గొట్టం లీకైతే చవక, అలాగే నడిపితే హబ్ పళ్ళు అరుగుతాయి.

ఇవన్నీ నెగ్గితే స్వతంత్ర మెకానిక్ దగ్గర 150 నుంచి 300 డాలర్లు పెట్టి ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ చేయించండి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు వార్షిక సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డాలస్, కాలిన్, డెంటన్, హారిస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. కాబట్టి బ్రేకులు, స్టీరింగ్ ఎవరైనా చూశారన్న భరోసా రిజిస్ట్రేషన్ కాగితంలో లేదు.

9. కాగితాలు

డీలర్ దగ్గర పాత బండి కిటికీకి బయర్స్ గైడ్ (వారంటీ ఉందో లేదో చెప్పే కాగితం) అతికించి ఉండాలి. దానిమీద "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టు) గడి నింపి ఉంటే గేటు దాటాక బాధ్యత మీదే, నోటితో ఇచ్చిన హామీలు చెల్లవు. కంపెనీ వారంటీ ఇంకా ఎంత మిగిలిందో మొదట అమ్మిన తేదీ నుంచి లెక్కించండి. చాలావరకు 3 ఏళ్ళు లేదా 36,000 మైళ్ళు, ఇంజిన్-ట్రాన్స్‌మిషన్‌కు 5 ఏళ్ళు లేదా 60,000.

వ్యక్తి దగ్గర కొంటే టైటిల్ మీద పేరు, అతని లైసెన్స్ మీద పేరు ఒకటేనా చూడండి. "మా ఫ్రెండ్ తరఫున అమ్ముతున్నాను" అంటే వదిలేయండి. టైటిల్ మీద లీన్ (తీరని లోను) ఉంటే డబ్బు చేతికి ఇవ్వకుండా, ఇద్దరూ అతని బ్యాంకుకు వెళ్ళి బాకీ అక్కడే కట్టించండి. 2011, ఆ తర్వాతి మోడళ్ళకు ఓడోమీటర్ వాంగ్మూలం 20 ఏళ్ళదాకా తప్పనిసరి, ఆ గడి ఖాళీగా వదిలేసిన కాగితం తీసుకోకండి. టెక్సస్‌లో అయితే అమ్మేవారిని వెంటబెట్టుకుని కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్ళి 130-యూ ఫారం (టైటిల్ మార్పు దరఖాస్తు) అక్కడే ఇచ్చేయడం అన్నిటికన్నా మేలు. విడిగా చేస్తే టైటిల్ మార్పించుకోవడానికి 30 రోజుల గడువుంది. అమ్మినవాళ్ళు తమ నంబర్ ప్లేట్లు విప్పుకుని వెళ్ళొచ్చు కనుక, ఇన్సూరెన్స్ ముందురోజే తీసుకుని, ఇంటిదాకా నడపడానికి టెంపరరీ పర్మిట్ సంగతి అదే కౌంటర్‌లో తేల్చుకోండి.